పదిహేనణాల మగపిల్లాడు

పర్లాకిమిడిలో లెక్కల ట్యూషన్లు చెప్పుకునేవాడు ఇంట్లో నోరు మూసుకుని ఉండాలి. నేను ఉండలేదు.

మా మరదలికి ముగ్గురూ ఆడపిల్లలే. నాలుగోసారి నెలలు నిండాయి. ఎవరు పుడతారో స్కానింగులో చెప్పరు, 1994 నాటి చట్టం ప్రకారం నేరం. అందుకని మా ఆవిడ వాళ్ల మామ్మ నా మీద పడింది.

“బాబూ, లెక్కల మేష్టారివి కదా, ఈసారి ఎవరంటావు?”

“ఏ కాన్పుకైనా సగం సగమే మామ్మగారూ. రెండూ ఆడపిల్లలే అవడం నాలుగింట ఒకటి, మూడూ అయితే ఎనిమిదింట ఒకటి, నాలుగూ అయితే పదహారింట ఒకటి” అన్నాను. నిజానికి నూరుమంది ఆడపిల్లలకి సుమారు నూట అయిదుగురు మగపిల్లలు పుడతారు. ఆ చిల్లర వదిలేశాను. అసలు ముక్క దీని తర్వాత చెప్పాలి. ఇంతలో పాలవాడొచ్చాడు.

1957లో దేశం నయాపైసలకి మారింది గానీ మామ్మ మారలేదు. పదహారంటే ఆవిడకి రూపాయే. “అంటే ఆడపిల్ల ఒక్క అణా, మగపిల్లాడు పదిహేనణాలు!” అంటూ లేచింది. సాయంత్రానికి సరిహద్దు దాటి పాతపట్నం వెళ్లి వెండి మొలతాడు కొనేసింది. వీధిలో తెలుగువాళ్లకి తెలుగులో, ఒడియావాళ్లకి ఒడియాలో చాటింది. రెండింట్లోనూ పూచీ నాదే.

నాలుగో రోజు నర్సు తలుపు తీసి, “ఝిఅ హెలా” అంది. ఆడపిల్ల పుట్టిందని చెప్పడానికి ఒడియాలో ఆ రెండు ముక్కలు చాలు. పుట్టింది పదహారణాల ఆడపిల్ల. మామ్మ మొలతాడు డబ్బీ తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

“మామ్మగారూ, ముగ్గురూ పుట్టేశాక వాళ్ల లెక్క తీరిపోయినట్టే. మిగిలింది నాలుగోదొక్కటే. ఎనిమిదణాలకి ఎనిమిదణాలు. కడుపులో ఉన్న గుంటకి అక్కల సంగతేం తెలుసు?”

“మరి ఆ ముక్క అప్పుడు చెప్పలేదేం?”

“పాలవాడొచ్చాడు.”

వరండాలో ఒక్కరూ నమ్మలేదు.

మొలతాడుకి ఆడా మగా ఏమిటని మరదలే బారసాల నాడు దాన్ని పిల్లకి కట్టించింది. మంచి పని చేసింది. భోజనాల దగ్గర మామ్మ నా పక్కకి చేరి చెవిలో, “బాబూ, అయిదుగురూ ఆడపిల్లలే అవడమంటే అర్ధణాయే కదా?” అంది.

లెక్క తప్పలేదు. మరదలు ఉయ్యాల ఊపడం ఆపి నా వైపే చూస్తోంది.

పులిహోర ఇంకాస్త వెయ్యమన్నాను.