అయస్కాంతం తాళం వారి దివ్యసముఖమునకు

బరంపురం, గంజాం జిల్లా

మహారాజశ్రీ తాళం వారికి, గాజు తలుపు బయట కార్డు పట్టుకుని నిలబడ్డ జనం అనేక నమస్కారాలతో రాసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి. కరెంటు ఉన్నంతసేపు తమరు క్షేమమేనని తెలుసు. అది పోయాక సంగతులే ఈ ఉత్తరం.

తమరు వేంచేయకముందు గిరి రోడ్డు కొట్లకి ఒక షట్టరు, దానికో తాళం, ఆ తాళంచెవి షావుకారు మొలతాడుకి ఉండేవి. ఇప్పుడు పట్టుచీరల కొట్టు మొదలు కోచింగ్ సెంటరు దాకా ఏ గాజు తలుపు నెత్తిన చూసినా తమరే, కరెంటు పారినంతసేపు అయస్కాంతమై తలుపుకున్న ఇనప ప్లేటుని పట్టి ఉంచే డబ్బా. డబ్బా మీద 280 కిలోలని ముద్ర. అంత బలంతో పట్టే కాపలాదారు జీతమడగడని షావుకార్లు మురిసిపోయారు. ఆ 280 కిలోల వస్తాదు తినేది 12 వోల్టుల దగ్గర సుమారు అర ఆంపియరు, అంటే ఆరు వాట్లు, చిన్న ఎల్ఈడీ బల్బు తిండి. ఆ తిండి ఆగిన క్షణాన బలం సున్నా. ఇది లోపమని మేం అనడం లేదు. మంటలు లేస్తే లోపలి మనిషి తలుపు తోసుకుని బయటపడాలి గనక, కరెంటు పోతే వదిలేసేలాగే తమరిని పుట్టించారు. ఈ ముక్క అమ్మినవాడు చెప్పడు, కొన్నవాడు అడగడు. పై పటారం చూసి రాత్రిపూట షట్టరు తాళం మానేసిన కొట్లు కూడా ఉన్నాయి.

అదీ ఎక్కడ! 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస పక్కన దాటి గజపతి జిల్లా మీద విరుచుకుపడింది. రెండుసార్లూ ఈ ప్రాంతంలో కరెంటు పోయింది గంటల లెక్కన కాదు, రోజుల లెక్కన. ఇలాంటి నేల మీద తాళాన్ని కరెంటుకి అప్పజెప్పడమంటే గొడుగుని గాలికి అప్పజెప్పడమే.

బ్యాటరీ ఉంది కదా అంటారు తమ తరఫు వకీళ్లు. ఉంది, లెక్కా చూద్దాం. మామూలుగా పెట్టేది 7 ఆంపియర్ అవర్లది, అంటే కాగితం మీద ఒక ఆంపియరు చొప్పున ఏడు గంటల తిండి. తమకి అర ఆంపియరు, పక్కనున్న వేలిముద్ర మెషీనుకి మరో 0.3 అనుకుంటే, కాగితం మీద ఎనిమిది గంటల ముప్పావు వస్తుంది. కొత్త బ్యాటరీ నిజంగా ఇచ్చేది ఆరు గంటలనుకోవడం మంచిది. ఇక్కడి ఎండాకాలాలు రెండు మూడు చూసినదైతే గంటకే చేతులెత్తేసినా ఆశ్చర్యం లేదు. దానికితోడు, సీసీటీవీ కెమెరాలకి వాడే మామూలు 12 వోల్టుల సప్లైకే బ్యాటరీని తగిలించేసే ఘనులున్నారు. సీసం బ్యాటరీ నిండాలంటే 13.6 నుంచి 13.8 వోల్టులు కావాలి. పన్నెండుతో అది ఏళ్లూ పూళ్లూ ఆకలితోనే ఉంటుంది. దీనికి పరీక్ష తేలిక: ఆర్నెల్లకోసారి మెయిన్ స్విచ్ ఆపి, తలుపు ఎంతసేపు పట్టి ఉందో గడియారం చూసుకోవడం. ఎవరూ చెయ్యరు. అందుకని ఆ పరీక్ష తుఫాను చేసిపెడుతుంది.

తమ తిండి దారిలోనే దొంగలు పడే వైనం మరొకటి. నెట్‌వర్కు కేబులు ముక్క మిగిలిందని అందులో ఒక్క జత వైర్లు తీసి తమ దాకా 30 మీటర్లు లాగుతారు. పోనూ రానూ 60 మీటర్ల సన్నరాగి, దగ్గర దగ్గర 5 ఓములు. అర ఆంపియరు నడిస్తే రెండున్నర వోల్టులు దారిలోనే హరీమంటాయి. తమ నోటికి అందేది తొమ్మిదిన్నర. అప్పుడు 280 అన్నది డబ్బా మీది మాటే. కాస్త బలంగా తోస్తే తలుపు చేతికొచ్చేస్తుంది. అదే దూరానికి 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు వేస్తే పోయేది అర వోల్టు పైచిలుకు. వోల్టులు కొలిచే మల్టీమీటరుని సప్లై డబ్బా దగ్గర పెట్టి "పన్నెండుంది సార్" అనే ఫిట్టరుని నమ్మకూడదు. తమరు తలుపు పట్టి ఉండగా, తమ టెర్మినళ్ల దగ్గర పెట్టి చూడాలి.

ఇక తమ కాపురం సంగతి. తలుపుకి బిగించిన ఇనప ప్లేటుకీ తమకీ మధ్య పోస్టుకార్డు మందం సందు దూరినా దాంపత్యం చెడుతుంది. ఎంత బిగిస్తే అంత గట్టి అనుకుని ఫిట్టరు ఆ ప్లేటుని తలుపుకి కదలకుండా బిగించేస్తాడు, అక్కడే చెడుతుంది. నడిమి బోల్టు కింద రబ్బరు వాషరు వేసి, వేలితో నొక్కితే ప్లేటు కాస్త ఊగేలా వదలాలి. ఊగితేనే తమ ముఖానికి తన ముఖం చదునుగా ఆనుతుంది. పైగా గోపాల్‌పూర్ ఉప్పుగాలికి ఇనుము ఆగదు. తుప్పు కనబడగానే గరుకు కాగితంతో రుద్దే మహానుభావులకు ఒక మాట: పైపూత పోయిందంటే మళ్లీ తుప్పుకి వారం చాలు. మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, పలచగా సిలికాన్ స్ప్రే కొడితే సరి. వేలిముద్ర మెషీనులో తమ కరెంటుని కలిపి తెంచే చిన్న స్విచ్చు, రిలే, మాటిమాటికీ చస్తోందంటే ఆ పాపమూ తమదే. కరెంటు ఆపగానే తమ కడుపులోని తీగచుట్ట, అదే కాయిలు, వోల్టేజితో వెనక్కి తంతుంది. తమ రెండు వైర్ల మధ్య కరెంటుని ఒక్కవైపే పోనిచ్చే 1ఎన్4007 డయోడ్ ఒకటి, వెండి గీత ప్లస్ వైపుకి ఉండేలా వేస్తే ఆ తన్ను ఆగుతుంది. ధర కప్పు టీకి తక్కువే. కొన్ని తాళాలకి లోపలే ఉంటుంది.

తమ దివానుగారైన వేలిముద్ర మెషీను గురించి చెప్పకపోతే ఆయన చిన్నబుచ్చుకుంటాడు. తలుపు తెరిచే రిలే ఆయన కడుపులో ఉంటుంది, ఆయన మకాం మాత్రం వీధిలో. ఖజానా తాళంచెవి మింగిన మనిషిని నడివీధిలో పడుకోబెట్టినట్టు! వేలు చదివే పని బయట, రిలే ఉన్న కంట్రోలరు లోపల ఉండాలి. ఖర్చు కాస్త పెరుగుతుందని ఈ ఒక్కటీ ఎగ్గొడతారు. అటు జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లు జీడి రసానికి కాలి ఉంటాయి, మగ్గం పనివాళ్లవి అరిగి ఉంటాయి. తెలుగూ ఒడియా రెండూ గడగడా మాట్లాడే ఊళ్లో దివానుగారికి వచ్చింది ఒక్కటే, "ప్లీజ్ ట్రై ఎగైన్". ఆ గోల పడలేక పోలిక కచ్చితత్వాన్ని అట్టడుగుకి దించేస్తారు. అప్పుడు ఒకరి వేలికి ఇంకొకరి పేరు పలుకుతుంది. దించడం కాదు చెయ్యాల్సింది. ఒక్కొక్కరివి రెండు చేతుల వేళ్లూ ఎక్కించాలి, వేళ్లు బొత్తిగా పలకనివాళ్లకి కార్డివ్వాలి.

కార్డంటే మళ్లీ అదో కథ. చవకగా దొరికే 125 కిలోహెర్ట్జ్ కార్డు రహస్యమేమీ దాచుకోదు. ఎవరు పలకరించినా తన నంబరు అప్పజెప్పేస్తుంది, నకలు తియ్యడం ఫొటోస్టాటంత సుళువు. 13.56 మెగాహెర్ట్జ్ మైఫేర్ క్లాసిక్ అనే రకం కార్డు నయమనుకుంటే, దాని గుట్టుని 2008లోనే నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బయటపెట్టారు. డెస్‌ఫైర్ రకం కొంటే కొంత నిశ్చింత. అయితే ఎంత ఖరీదైన కార్డైనా, నిరుడు దసరాకి పని మానేసిన కుర్రాడి పేరు జాబితాలోంచి తీసెయ్యకపోతే ఏం లాభం? ఇంటి దొంగని ఈశ్వరుడే పట్టలేడంటే దివానుగారేం పడతాడు! పైగా గుడ్ మార్నింగ్ చెప్పినట్టు "థాంక్యూ" అని తలుపు తీస్తాడు.

పర్లాకిమిడి వైపు కొత్త ఇళ్లలో తమ చిన్నతమ్ముడు, నాలుగు పెన్సిల్ సెల్లుల డిజిటల్ తాళం, కాపురం పెట్టాడు. వానాకాలం చెక్క తలుపు ఉబ్బి గడియ రాసుకుంటుంటే మోటారు ఆయాసపడి సెల్లులు ముందే అయిపోతాయి. తప్పు తాళానిది కాదు, వడ్రంగిని పిలవాలి. సెల్లులు చచ్చాక చాలా రకాలకి కింద 9 వోల్టుల బ్యాటరీ ఆనించే రెండు చుక్కలో, చార్జరు దూర్చే బెజ్జమో ఉంటుంది. మామూలు తాళంచెవి కూడా ఇస్తారు. దాన్ని భద్రంగా ఇంటి లోపలి బీరువాలో పెట్టుకుంటారు. ఈ తమ్ముడి మీటల మీద నొక్కే నాలుగంకెల రహస్యానికి పదివేల వరసలు. రోజూ నొక్కే నాలుగు మీటలే జిడ్డుగా మెరుస్తుంటే మిగిలేవి 24.

ఇంతవరకూ నవ్వులాట. ఇది మాత్రం కాదు. లోపలినుంచి బయటికొచ్చే బటనుని చాలాచోట్ల మెషీనుకి మాత్రమే కలుపుతారు. మెషీను బిగుసుకుపోయిందా, బ్యాటరీ దిట్టంగా ఉందా, తమరు 280 కిలోలతో పట్టే ఉంటారు, లోపల కోచింగ్ సెంటరు గుంటలు పొగలో నిలబడి బటను నొక్కుతూనే ఉంటారు. ఆకుపచ్చ ఎమర్జెన్సీ డబ్బా ఒకటి తలుపు పక్కనే లోపలివైపు ఉండాలి. అది మెషీనుకి కబురు పంపడం కాదు, తమ దాకా వచ్చే ప్లస్ వైరునే తెంపాలి. ఫైర్ అలారం రిలేని కూడా అదే వైరులో వరసగా కలపాలి. బిగించినవాడికి డబ్బులిచ్చే ముందు మెషీను పనిచెయ్యకుండా చేసి, ఆ డబ్బా నొక్కి, తలుపు వదిలిందో లేదో చూసుకోండి షావుకారూ!

చివరికి తమ అసలు శత్రువు పేరు చెప్పి ముగిస్తాం. దొంగ కాదు, ఇటుక. తలుపు తనంతట తాను మూసుకోవాలంటే పైన డోర్ క్లోజరు సరిగ్గా ఉండాలి. దానికి రెండు స్క్రూలు, ఒకటి తలుపు ఊపుకి, రెండోది ఆఖరి జానెడుకి. ఆ రెండోది మరీ బిగిస్తే తలుపు తమరిని తాకకుండానే ఆగిపోతుంది. వదులు చెయ్యబోయి స్క్రూ మొత్తం బయటికి తీస్తే నూనె కారి క్లోజరు పని సరి. ఆనక మాటిమాటికీ ఎవరు లాగుతారని టీ కుర్రాడు ఒక ఇటుక తెచ్చి అడ్డం పెడతాడు. కరెంటు ఉంది, బ్యాటరీ నిండుగా ఉంది, డయోడూ ఉంది. తమరు మాత్రం ఒంటరిగా గాలిని పట్టుకుని మెరుస్తుంటారు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ గుమ్మం బయటి జనం

తా.క.: ఈ ఉత్తరాన్ని మర్యాద కోసం తలుపు కిందనుంచి తోస్తున్నాం. నిజానికి లోపలికొచ్చి బల్లమీదే పెట్టవచ్చు, ఇటుక ఉంది కదా.