కప్పుకి చిల్లులు పెట్టించిన డౌన్‌లైటు దొరవారికి

మహారాజశ్రీ డౌన్‌లైటు దొరవారి సముఖానికి,

ఉభయకుశలోపరి. పైన మీరు క్షేమం, కింద మేము కళ్ళు చికిలించుకుంటూ క్షేమం.

నేను బాచుపల్లిలో 150 గజాల జాగాలో ఇల్లు కట్టుకున్నవాణ్ణి. మీరు రోజూ నడినెత్తి మీంచే చూస్తారు కాబట్టి నా మొహం మీకు గుర్తుండకపోవచ్చు. బట్టతల అంటే గుర్తుపడతారు. మా హాల్లో కప్పు చిల్లుల్లో కూర్చుని కిందికి వెలుగు కురిపించే మీవాళ్ళు 16 మంది. పడగ్గదులు రెండింటిలో ఎనిమిదేసి మంది, వంటింట్లో ఆరుగురు, భోజనాల బల్ల మీద ఆరుగురు, దేవుడి గదిలో ఇద్దరు. వెరసి 46 మంది. కింద కాపురముండేది మేం ఐదుగురం.

మొదటి తప్పు నాదే. స్లాబు రోజు, సెంట్రింగు మీద ఇనుము కట్టాక, కాంక్రీటు పడకముందు ఎలక్ట్రీషియన్ వచ్చి, "సార్, డౌన్‌లైట్లు ఏడేడ గావాల్నో ఇప్పుడే చెప్పుండ్రి, బాక్సులు పెడ్త. తర్వాత స్లాబుకు చిల్లు గొట్టనీకి రాదు" అన్నాడు. ఆ పూట నేను ఇసుక లెక్కల మీద మేస్త్రీతో తగాదాలో ఉన్నాను. ఫ్యాను హుక్కులు చూపించి, మీ సంగతి తర్వాత చూద్దామన్నాను. ఆ తర్వాత అనేది ఫాల్స్ సీలింగు వేషంలో వచ్చింది. డబ్బు పోసి పదడుగుల ఎత్తున స్లాబు వేయించుకున్నాం. మళ్ళీ డబ్బు పోసి, జిప్సం బోర్డుతో దాన్ని తొమ్మిదిన్నరకి దించుకున్నాం. ఆ అరడుగు సందులో మీరు కాళ్ళు జాపుకుంటారట. మీ డ్రైవరు, అదే మీకు కావలసినట్టు కరెంటు మార్చి అందించే బుల్లి డబ్బా, కూడా అక్కడే ఉంటాడట.

అవును మరి, మీలో ఒక్కొక్కరికీ ఒక్కో డ్రైవరు. నేను ఇప్పటికీ మియాపూర్ దాకా నా స్కూటరు నేనే తోలుకుపోయి మెట్రో ఎక్కుతాను.

మిమ్మల్ని ఇంటికి తెచ్చుకోవడానికి కోఠి ట్రూప్ బజారుకి మూడు ఆదివారాలు తిరిగాం. ఆదివారం సగం దుకాణాలు మూసి ఉంటాయని రెండో ఆదివారానికి కూడా ఒంటబట్టలేదు. తెరిచిన దుకాణంలో మీ వంశవృక్షమంతా గోడకి ఒకేసారి వెలుగుతోంది. అంతమంది నడుమ ఎవరి తెలుపు ఎంత తెలుపో కనిపెట్టడం పెళ్ళిపందిట్లో పిల్ల ఒంటి రంగు చూసి రావడం లాంటిదే. "వార్మా, న్యాచురలా, కూలా?" అన్నాడు కుర్రాడు. వెలుగు రంగుని కెల్విన్లలో కొలుస్తారట. 3000 కెల్విన్ అయితే పసుపు కలిసిన వార్మట, 4000 అయితే న్యాచురలట, 6500 అయితే నీలితెలుపు కూలట. కెల్విన్లు పెరిగితే వేడి పెరుగుతుందని మాకు బడిలో చెప్పారు. మీ రాజ్యంలో అంకె పెరిగేకొద్దీ చలువ. ఎండాకాలం మా ఊరు కూడా ఈ లెక్కనే నడిస్తే బాగుండును.

మా ఆవిడ 4000 అంది. మావాడు 6500 అన్నాడు. అమ్మని అడిగితే, "కంట్ల గుచ్చకుంట ఉంటే సాలు కొడుకా" అంది. అందరిలోకీ సరిగ్గా చెప్పింది ఆమే. మేం మటుకు కెల్విన్లలో చెప్పలేదని ఆ మాట పక్కన పెట్టేశాం. కుర్రాడు మా ఇంటి తగాదా తీర్చేవాడిలా ఒక పెట్టె తీసి, "త్రీ ఇన్ వన్ సార్. స్విచ్ ఆపి మళ్ళీ వేస్తే రంగు మారుతుంది. ముగ్గురికీ ముగ్గురే" అన్నాడు. ఆ పెట్టెకి అక్కడికక్కడే దణ్ణం పెట్టాను. దాని కథ చివర్లో చెబుతాను.

మా బావమరిది ఒకడు ఉన్నాడు, వీడియోలు చూసి ఇల్లు కట్టేరకం. "బావా, కెల్విన్లు కాదు, సీఆర్ఐ చూడు, ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె. 90 ఉండాలి" అన్నాడు. అదేమైనా పెళ్ళికొడుకు మార్కులా అని నవ్వాను. పెట్టె మీద ఆ అంకే వేయలేదు, నేనూ అడగలేదు. గృహప్రవేశమైన నెలకి కూకట్‌పల్లిలో పెళ్ళికి బయల్దేరుతూ మా ఆవిడ మీ వెలుగులో మెరూన్ చీర మీదికి మెరూన్ జాకెట్టు తీసుకుంది. మండపం వాకిట్లో ఎండలో దిగేసరికి అది కాఫీపొడి రంగు. ఆ రోజు మా మధ్య నడిచిన మౌనాన్ని వెలుగుని కొలిచే ఏ లక్స్ మీటరూ కొలవలేదు. అప్పుడు బావమరిది కాళ్ళ మీద పడితే చెప్పాడు, మీ తెలుపు అసలు తెలుపు కాదని. లోపలిది నీలం వెలుగిచ్చే చిప్ అట, పైన పసుపు పూతట. ఆ నీలాన్ని పుట్టించినందుకే అకసాకి, అమానో, నకమురాలకి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. వాళ్ళ కష్టాన్ని కాదనను. కానీ చవకరకం పూతలో ఎరుపు చాలదు. ఎరుపు చాలని వెలుగులో ఆవకాయ నిరుటి ఆవకాయలా కనిపిస్తుంది, కుంకుమ ఇటుకపొడిలా కనిపిస్తుంది. టమాటా పండిందో లేదో నొక్కి చూసుకోవాలి.

ఇక మీ ఆసనాల ఏర్పాటు. ఎవరిని కదిపినా "ఎన్ని పెడదాం?" అనే అడిగారు. మీరు ఎక్కడ కూర్చుంటారు, ఎక్కడ కూరలు తరుగుతారు, ఎక్కడ పడుకుని చదువుతారు అని ఒక్కడూ అడగలేదు. ఇంటీరియర్ కుర్రాడు ఫోనులో గళ్ళు గీసి, గడికొకర్ని కూర్చోబెట్టి, సిమెట్రీ అన్నాడు. పైనుంచి చూస్తే పులిజూదం బల్లలా ముచ్చటగానే ఉంది. ఎటొచ్చీ మేం పైనుంచి చూడం.

వంటింట్లో ఆరుగురూ నడిచే దారి మీద వరసగా నిలబడ్డారు. గట్టు దగ్గర కూరలు తరుగుతుంటే మీరు నా వీపు వెనక ఉంటారు, నా నీడ ఉల్లిపాయ మీద ఉంటుంది. దీపం కింద చీకటి అని పెద్దలు ఊరికే అనలేదు, కాకపోతే ఆ చీకటికి ఆరు పాయింట్ల కూలి ఇచ్చినవాణ్ణి నేనే. వాళ్ళని గట్టు అంచు మీదికి జరిపి ఉంటే ముగ్గురు చాలేవారు.

పడగ్గదిలో మరీ అన్యాయం. మీలో నలుగురు ఫ్యానుకి మరీ దగ్గరయ్యారు. అది 1200 మిల్లీమీటర్ల ఫ్యాను, నడుమ నుంచి రెక్క కొస దాకా రెండడుగులు. మీరు ఆ రెక్కలకి పైన, పక్కనే ఉన్నారు. ఫ్యాను వేస్తే చాలు, రెక్కల నీడలు గోడల మీద గిర్రున తిరుగుతాయి, పాతకాలం డిస్కో సీనులా. మా వయసుకి ఆ ఉత్సాహం లేదు. ఫ్యాను కావాలంటే మీరుండరు, మీరుంటే ఉక్కపోత. ఇక మంచమ్మీద వెల్లకిలా పడుకుంటే ఎనిమిదిమందీ మమ్మల్నే చూస్తారు. "దవాఖానల పండుకున్నట్టే ఉన్నది కొడుకా" అంది అమ్మ. కొంచెం లోపలికి దాక్కుని, చిప్ కనబడకుండా వెలుగిచ్చే మర్యాదస్థులు మీ జాతిలో ఉన్నారని తర్వాత తెలిసింది. మా కప్పుకి వచ్చినవాళ్ళు గుడ్లురుముకుని చూసే రకం.

ఆ గది 12 అడుగులకి 14. అంటే దాదాపు 15.6 చదరపు మీటర్లు. మీలో ఒక్కొక్కరూ 12 వాట్లు, వాటుకి 100 లూమెన్ల (వెలుగు కొలత) చొప్పున చూస్తే ఎనిమిదిమందివీ 9,600 లూమెన్లు. చదరపు మీటరుకి 600 పైమాటే. గోడలు మింగింది తీసేసినా మిగిలిందేం తక్కువ కాదు. ఆఫీసు బల్ల మీద లెక్కలు రాసుకోవడానికే 300 నుంచి 500 చాలంటారు. మేమక్కడ చేసే పని నిద్ర. అద్దింట్లో ఉన్నప్పుడు అంతే గదికి ఒక్క ట్యూబ్‌లైటు, 36 వాట్లది, రమారమి 2,500 లూమెన్లు. మావాడు దాని కిందే ఎంసెట్ రాంకు తెచ్చుకున్నాడు. ఇప్పుడు వెలుగు నాలుగింతలైంది, పుస్తకం తీయడం మానేశాడు.

2015లో చవక ఎల్‌ఈడీ బల్బుల ఉజాలా పథకం వచ్చినప్పుడు 60 వాట్ల బల్బు తీసేసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టుకున్నాం, 51 వాట్లు మిగిలాయని ఎంత మురిశామో! ఆ మిగిలిన 51కి మీలాంటివాళ్ళు నలుగురు పడతారని అప్పుడు తట్టలేదు. ఇప్పుడు అందర్నీ ఒకేసారి లేపితే 552 వాట్లు. ఇన్వర్టరు మూలుగుతుంది.

హాల్లో ఎడమవైపు నాలుగో ఆయన పోయిన నెల కన్నుమూశాడు. ఎలక్ట్రీషియన్ విప్పి చూసి, "లైటు మంచిగనే ఉన్నది సార్, డ్రైవర్ వోయిండు. లోపల గాలాడక ఉడికిండు" అన్నాడు. పట్టుకుని ట్రూప్ బజారుకి పోతే ఆ మోడలు ఆగిపోయిందన్నారు. కొత్తవాళ్ళకి 3 అంగుళాల చిల్లు చాలు, మాది 4 అంగుళాలు. చిల్లుని పెంచడం ఎవడికైనా వచ్చు, తగ్గించడం బ్రహ్మకి కూడా రాదు. కొన్నప్పుడే నాలుగు ఎక్కువ తీసుకోమని కుర్రాడు చెప్పాడు. అమ్మకానికి చెబుతున్నాడనుకున్నాను.

ఇక త్రీ ఇన్ వన్. కరెంటు ఒక్క క్షణం పోయి వస్తే, ఎవరో స్విచ్ ఆపి వేశారని మీరు అనుకుంటారు. పోనీ అందరూ ఒకేలా అనుకుంటారా? ఒకరి డ్రైవరు మెలకువగా ఉంటాడు, ఇంకొకరి డ్రైవరు కునుకు తీస్తాడు. తొలకరి గాలివాన వచ్చిన రాత్రి మా హాలు సగం పెళ్ళివారి ఇల్లు, సగం రక్తపరీక్షల గది. అందర్నీ ఒక రంగుకి తేవడానికి నేను స్విచ్ దగ్గర నిలబడి టకటకలాడిస్తుంటే, ఎదురింటాయన బాల్కనీలోకొచ్చి "అంతా క్షేమమేనా?" అని కేకేశాడు.

అంచేత దొరవారికి మనవి. 4 అంగుళాల నడుముతో మీ పాత తోబుట్టువు ఎవరైనా ఏ గోడౌనులోనైనా మూలుగుతుంటే మా నాలుగో చిల్లుకి పంపండి. డ్రైవరుతో సహా.

ఇట్లు,
మీ కింద కాపురముంటున్న ఒక బట్టతల

తా.క.: ఉత్తరం ముగిస్తుండగా కరెంటు రెప్ప కొట్టింది. హాల్లో మిగిలిన 15 మందిలో తొమ్మిదిమంది పసుపు, ఆరుగురు నీలితెలుపు. అమ్మ బియ్యం చాట పట్టుకుని వరండాలోకి పోయింది. ఇల్లు కట్టేటప్పుడు వాచ్‌మన్ కోసం వేలాడదీసిన 9 వాట్ల బల్బు అక్కడ ఇంకా ఉంది, తీయడం మరిచిపోయాం. కవరు మీద అడ్రసు రాయడానికి నేనూ అక్కడికే పోతున్నాను.