సవరణ: దామాషా పద్ధతి మన పార్లమెంటులో లేదా?

"దామాషా ప్రాతినిధ్యం 1949లో జర్మనీలో పుట్టింది, మన పార్లమెంటులో అది లేనేలేదు" అని ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం తెలుగువాళ్ల కోసం రాసిన నా గత పోస్టులో ఉంది. దామాషా అంటే పడిన ఓట్ల నిష్పత్తిలో సీట్లు దక్కే పద్ధతి. ఆ రెండు మాటలూ సరికావు.

దేశవ్యాప్త ఎన్నికలకు ఈ పద్ధతిని బెల్జియం 1899లోనే చట్టం చేసింది. ఫిన్లాండ్‌లో 1907లో, స్వీడన్‌లో 1911లో ఇలాగే ఓట్లేశారు. జర్మనీలో కూడా 1919 నుంచే ఉంది.

ఇక మన సంగతి. లోక్‌సభ వరకైతే ఆ మాట నిజమే. బరంపురం సీటులో ఓడిన పార్టీకి పర్లాకిమిడిలో ఎన్ని ఓట్లు పడినా బూడిదలో పోసిన పన్నీరే. రాజ్యసభ అలా కాదు. రాజ్యాంగం 80వ అధికరణం ప్రకారం అక్కడ దామాషా పద్ధతే: ఎమ్మెల్యేలు అభ్యర్థులకు 1, 2, 3 అని ప్రాధాన్యం రాస్తారు. ఒడిశాలో ఎమ్మెల్యేలు 147 మంది. మూడు ఖాళీలుండి అందరూ ఓటేస్తే, 37 మంది మొదటి ప్రాధాన్యం దక్కినవాళ్లు గెలిచినట్టే. నాలుగో అభ్యర్థి దిగాడా, రెండో ప్రాధాన్యం కోసం పార్టీలకు టెన్షన్ మొదలు!

రాష్ట్రపతి ఎన్నికలోనూ ఇలాగే ప్రాధాన్యాలు రాస్తారు. 1969లో మన బరంపురంలో పుట్టిన వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డిపై మొదటి లెక్కింపులో ముందున్నా కోటా (గెలవడానికి కావలసిన ఓట్లు) అందలేదు. రెండో ప్రాధాన్యాలు కలిపాకే నెగ్గారు.

"ఈ పద్ధతి వస్తే ఒడిశా తెలుగువాళ్లకు సీటు ఖాయం" అన్న వాక్యం కూడా తీసేశాను. ఓట్ల వాటాను బట్టి సీట్లు ఇచ్చేది అభ్యర్థుల జాబితా నుంచి అయితే, ఆ జాబితాలో పేర్లు పెట్టేది పార్టీలే కదా. పైగా జర్మనీలో మామూలుగా 5 శాతం ఓట్లు దాటని పార్టీకి జాబితా సీట్లు రావు.