పద్మశ్రీ సంగతి తర్వాత, ముందు రోమ్ గోల్ గురించి చెప్పండి

ఫిబ్రవరి 16 వచ్చిందంటే నా ఫీడ్‌లో ఒకటే ఫొటో తిరుగుతుంది. ఫుట్‌బాలర్ తులసీదాస్ బలరాం గారిది, వయసు మీద పడ్డాక తీసింది. కింద అవే మాటలు. ‘మరుగునపడ్డ మాణిక్యం’, ‘పద్మశ్రీకి నోచుకోని వీరుడు’, ‘మన సికింద్రాబాద్ అమ్ముగూడ బిడ్డ’. 2023లో ఆయన కోల్‌కతాలో పోయినప్పటి నుంచి ఏటా ఇదే తంతు. ఏటా నాకు ఒళ్లు మండుతుంది, ఊరుకుంటాను. ఈసారి ఊరుకోబుద్ధి కాలేదు.

అన్యాయం జరగలేదని కాదు నేననేది. జరిగింది. అప్పటి ఇండియా ఫార్వర్డ్‌లు పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అని ముగ్గురి పేర్లూ ఒకే ఊపిరిలో చెప్పేవాళ్లు. మొదటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. ఈయనకి 1962లో వచ్చిన అర్జున అవార్డే మిగిలింది. తను కెప్టెన్‌గా ఉన్న ఈస్ట్ బెంగాల్ క్లబ్బు మీద కూడా ఆయనకి చివరిదాకా అలకే. పెళ్లి చేసుకోలేదు, హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఒంటరిగా బతికారు. ఇవన్నీ నిజాలే. కానీ పోస్టు మొదట్నుంచీ చివరిదాకా చదివాక ఆయన బాల్ ఎలా ఆడేవాడో ఒక్క ముక్కైనా తెలియకపోతే దాన్ని నివాళి అనాలా, అర్జీ అనాలా?

పాత పోలీసు బూట్లు విప్పించి ఫుట్‌బాల్ బూట్లు కుట్టించుకున్న కథ అందరికీ తెలుసు. ప్రాక్టీసుకి రావడానికి కోచ్ రహీం సాబ్ అద్దె సైకిల్‌కి డబ్బులిచ్చిన కథా అందరికీ తెలుసు. బీదరికం కథలు బాగా షేర్ అవుతాయి మరి. సరే, ఆ సైకిల్ ఎక్కి వెళ్లి ఏం చేశాడయ్యా?

1956లో ఇరవై ఏళ్లు నిండీ నిండకుండా మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. ఆసియా నుంచి ఒక దేశం ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్‌కి వెళ్లడం అదే మొదటిసారి. కోచ్ ఆ రహీం సాబే. ఆ జట్టులో హైదరాబాదీలు ఎంతమందో ఒకసారి పేర్లు చూడండి, ఇవాళ్టి మన పరిస్థితి తలుచుకుని సిగ్గేస్తుంది.

తర్వాత రోమ్ ఒలింపిక్స్, 1960. మన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ. హంగరీ అంటే అప్పట్లో పేరు వింటేనే ఎదుటి జట్టుకి టెన్షన్. ఆ హంగరీకి గోల్ కొట్టాడు బలరాం. 2-1తో ఓడాం గానీ పరువుతో ఓడాం, ఆ హంగరీ చివరికి కాంస్యం తీసుకెళ్లింది. ఫ్రాన్స్‌తో 1-1, ఆ గోల్ పీకేది. పెరూ మీద 3-1తో పోయాం, ఆ ఒక్కటీ మళ్లీ బలరామే. రోమ్‌లో ఇండియా కొట్టిన గోల్స్ మొత్తం మూడు, అందులో రెండు ఈయనవి. అప్పటికి వయసు ఇరవై మూడు. ‘పద్మశ్రీ ఇవ్వలేదు’ అని రాసే పెద్దమనుషుల్లో ఈ లెక్క ఎంతమందికి తెలుసు?

జకార్తా ఆసియా క్రీడలు, 1962 కూడా అంతే. ఫైనల్లో కొరియా మీద గోల్స్ పీకేవి, జర్నైల్ సింగ్‌వి కాబట్టి వాళ్ల పేర్లే మోగుతాయి. మోగాలి కూడా, తలకి దెబ్బ తగిలి కుట్లతో ఫార్వర్డ్‌గా ఆడిన జర్నైల్‌ని ఎవరు మరిచిపోతారు. కానీ మొదటి మ్యాచ్‌లోనే అదే కొరియా చేతిలో 2-0తో ఓడి నీరసంగా ఉన్న జట్టు సెమీస్ దాకా ఎలా వచ్చింది? థాయ్‌లాండ్ మీద గెలిచి, జపాన్ మీద గెలిచి. ఆ రెండు మ్యాచ్‌ల్లోనూ బలరాం గోల్ ఉంది.

ఏడాది తిరగకుండా ఊపిరితిత్తుల జబ్బు. ఇరవై ఏడు దాటకుండానే ఆట ఆగిపోయింది. దీని గురించి ఎక్కువ రాయను, రాస్తే నేను కూడా వాళ్లలా ఏడుపు మొదలుపెడతాను.

మధ్యలో ఇంకో గోల. ‘ఆయన తమిళుడు కదా, మనవాడెలా అవుతాడు’ అని ఒకాయన పోయినేడు నా పోస్టు కింద వాదన పెట్టుకున్నాడు. బాబూ, ఇంట్లో తమిళం, సందులో తెలుగు, గ్రౌండ్‌లో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లిష్. సికింద్రాబాద్ కంటోన్మెంట్ వైపు మనుషులు ఎప్పుడూ అంతే. నీకు అర్థం కాకపోతే ఒకరోజు వచ్చి తిరుమలగిరిలో టీ తాగి వెళ్లు.

టీ అంటే గుర్తొచ్చింది. ఆట గురించి రాయమని ఇంత గట్టిగా అడిగే నాకు ఆ ఆట ఎలా తెలుసంటారా? నాకూ తెలియదు. నేను పుట్టేటప్పటికే ఆయన ఆడటం మానేసి చాలా ఏళ్లయింది. యూట్యూబ్‌లో వెతికితే చూసేంత వీడియో కూడా దొరకదు. నాకున్నదల్లా మా మేనమామ. ఫతే మైదాన్‌లో టికెట్ కొనకుండా గోడ దూకి బలరాం ఆట చూసిన మనిషి. ఎవరైనా ఫుట్‌బాల్ అని నోరెత్తితే చాలు, టీ గ్లాసులు మూడు నేలమీద పెట్టేవాడు. రెండు డిఫెండర్లు, ఒకటి బాల్. మోకాళ్ల నొప్పి మనిషి లేచి నిలబడి, ‘ఇదిగో చూడు, భుజం ఇటు పంపుతాడు. వీడు ఇటే వస్తాడనుకుని బ్యాక్ ఇటు పడతాడు. అప్పటికి బాల్ ఎక్కడుంటుంది?’ అని కాలితో గ్లాసు తోసేవాడు. ప్రతిసారీ టీ ఒలికేది. ప్రతిసారీ అత్తయ్య తిట్టేది. ‘ఆయన ఆడితే ఒక్క చుక్క కూడా కింద పడదు, అదే మరి తేడా’ అనేవాడు.

అలా చూసినవాళ్లు సికింద్రాబాద్, హైదరాబాద్ ఇళ్లల్లో ఇంకా ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఎనభై దాటినవాళ్లు. మీ ఇంట్లో ఉంటే ఆ పద్మశ్రీ పోస్టు ఫార్వర్డ్ చేయడం ఆపి, ఆయన ముందు మూడు గ్లాసులు పెట్టి ఫోన్‌లో రికార్డ్ బటన్ నొక్కండి. మా మామయ్య ఉన్నప్పుడు నా చేతిలోనూ ఫోన్ ఉంది. నేను తీయలేదు. ఇప్పుడు నా పిల్లలకి చూపిద్దామని గ్లాసులు పెడితే, భుజం ఎటు వెళ్లిందో గుర్తుంది గానీ గ్లాసు ఎటు తోసేవాడో గుర్తు రావట్లేదు.