పిల్లల జెర్సీ మీద ఎవరి పేరు?

సంక్రాంతి ముందు నుంచి వేసవి సెలవులు అయిపోయేదాకా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏదో ఒక టోర్నమెంటు జరగని మండలం ఉండదు. కబడ్డీ, వాలీబాల్, టెన్నిస్ బంతితో క్రికెట్. ఊరి యువజన సంఘం చందాలు పోగేసి, మైదానం చదును చేయించి, మైకు సెట్టు పెట్టి నడిపే ఈ పోటీలే మన దగ్గర ఆటకు అసలు పునాది. వాటిని చూస్తే సంతోషంగానే ఉంటుంది. ఆ మైదానాల చుట్టూ కట్టే ఫ్లెక్సీలను చూస్తేనే కలవరం కలుగుతోంది. యాలకుల పొట్లం పేరు చెప్పి పాన్‌మసాలా బ్రాండు, సోడా పేరు చెప్పి మద్యం బ్రాండు, వార్తల వెబ్‌సైటు ముసుగులో బెట్టింగ్ యాప్, వీటి సరసన ఇరవై రూపాయల ఎనర్జీ డ్రింకు. పన్నెండేళ్ల పిల్లలు ఆడే చోట ఇవన్నీ కొలువుదీరుతున్నాయి. కొన్నిచోట్ల ఆ పిల్లల ఛాతీ మీదికే ఎక్కుతున్నాయి.

ఆటకు డబ్బు కావాలి. కాదనం. పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే 130 చదరపు మీటర్ల మ్యాట్ అద్దెకు తేవాలి. ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరరు, ఇద్దరు సహాయ స్కోరర్లకు దారి ఖర్చు, భోజనం, ఎంతో కొంత భత్యం ఇవ్వాలి. రాత్రి ఆటలైతే లైట్లు, జనరేటరు. పైగా షీల్డులు, నగదు బహుమతులు. యాభై, వంద రూపాయల చందాలతో ఇదంతా తేలదు. సరిగ్గా అక్కడే డిస్ట్రిబ్యూటరు వచ్చి ‘జెర్సీలు మేమిస్తాం’ అంటాడు. కమిటీ కుర్రాళ్లు ఊపిరి పీల్చుకుంటారు.

ఆ బేరం లెక్క ఒకసారి చూద్దాం. జెర్సీ మూడు వందలు అనుకున్నా పదిహేను మందికి రూ.4,500. అందుకు బదులుగా ఆ కంపెనీకి దక్కేది ఒక్క ఆదివారం ప్రచారం కాదు. ఆ జెర్సీ చిరిగేదాకా పిల్లాడి ఒంటి మీదే ఉంటుంది. బడికి వేసుకెళ్తాడు, సంతకు వేసుకెళ్తాడు, కప్పు పట్టుకుని దిగిన ఫొటో ఊరందరి వాట్సాప్‌లో తిరుగుతుంది. బజారులో ఒక హోర్డింగు కొన్ని నెలలు కట్టాలంటే ఇంతకన్నా ఎక్కువే అవుతుంది. పైగా హోర్డింగును ఎవరూ అభిమానించరు, గెలిచిన జట్టును అభిమానిస్తారు. మంచీ చెడూ పక్కనపెట్టి బేరంగానే చూసినా కమిటీలు మోసపోతున్నాయి.

వీటిలో చాలావరకు చట్టం ఇప్పటికే కాదన్నవే. పొగాకు ఉత్పత్తుల చట్టం (2003) ఐదో సెక్షన్ ప్రత్యక్ష, పరోక్ష ప్రకటనలను, ప్రాయోజకత్వాన్ని నిషేధించింది. మొదటిసారి దోషిగా తేలితే రెండేళ్ల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 1996 క్రికెట్ ప్రపంచకప్ పేరే ఒక సిగరెట్ బ్రాండుది. భారత జట్టు చొక్కాల మీద 2001 దాకా అదే ఉండేది. అది పోయింది కాబట్టి పొగాకు ఆటను వదిలిపెట్టిందనుకుంటే పొరపాటు. కిళ్లీ కొట్టులో చూడండి. పాన్‌మసాలా ఒక పొట్లం, జర్దా అనే నమిలే పొగాకు ఇంకో పొట్లం. కలిపి అమ్మితే గుట్కా నిషేధం వర్తిస్తుంది కనుక విడివిడిగా అమ్ముతారు, కొన్నవాడు అరచేతిలో కలుపుకుంటాడు. ఫ్లెక్సీ మీద మొదటి పొట్లమో, అదే పేరు, అదే రంగు, అదే అక్షరాల తీరులో యాలకుల డబ్బానో వేస్తారు. పొగాకు లేదు కదా అన్నది వారి వాదన. కానీ పాన్‌మసాలాలో ఉండే వక్కలోనే క్యాన్సర్ కారకం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఇరవై ఏళ్ల కిందటే తేల్చింది. అడ్డపొగ (చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటు వల్ల అంగిట్లో వచ్చే పుండ్ల మీద 1960ల నుంచి పరిశోధకులు వచ్చి అధ్యయనం చేసిన జిల్లా శ్రీకాకుళం. పొగాకుకు ఇంత మూల్యం చెల్లించిన చోట దాని చుట్టపు పేర్లు పిల్లల మైదానంలోకి రావడం మాకు సహించరాని విషయం.

మద్యానిదీ ఇదే దారి. కేబుల్ టీవీ నిబంధనలు మద్యం ప్రకటనలను నేరుగా గానీ, చాటుగా గానీ చూపొద్దంటాయి. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ చాటు ప్రకటనలను ప్రత్యేకంగా నిషేధించింది. 2025 మార్చిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ ఐపీఎల్ ఛైర్మన్‌కు లేఖ రాస్తూ మైదానాల్లోను, ప్రసారాల్లోను పొగాకు, మద్యం ప్రచారం ఏ రూపంలోనూ ఉండకూడదని కోరారు. వేల కోట్ల లీగుకు లేఖ రాయాల్సి వచ్చిందంటే ఊరి కమిటీకి ఎవరు చెబుతారు? ఎవరూ చెప్పడం లేదు. అదే మా ఫిర్యాదు.

బెట్టింగ్ సంగతి మరీ బాధాకరం. 2020 సెప్టెంబరులో మన రాష్ట్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. అదే నెలలో మొదలైన ఐపీఎల్‌కు టైటిల్ స్పాన్సర్, డబ్బు పెట్టి ఆడే ఫ్యాంటసీ ఆటల యాప్ డ్రీమ్11. తర్వాత 2023లో అదే పేరు భారత జట్టు జెర్సీ మీదికి వచ్చింది. మూడేళ్లకు రూ.358 కోట్ల ఒప్పందం అది. అంటే మన కుర్రాళ్లు చట్టప్రకారం ఆడకూడని ఆట పేరును, మన కుర్రాళ్లు దేవుళ్లుగా చూసే ఆటగాళ్ల గుండెల మీద రెండేళ్లపాటు చూపించారు. 2025 ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చాకే ఆ పేరు దిగింది. ఈ చట్టం కింద ప్రకటన ఇచ్చినవారికి రెండేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. ఇక మిగిలినవి విదేశీ బెట్టింగ్ సైట్లు. చివర ‘న్యూస్’ అనో, ‘స్పోర్ట్స్’ అనో తగిలించుకుని లోకల్ టోర్నమెంట్ల యూట్యూబ్ లైవ్‌లలో, స్కోరు పట్టీ పక్కన కనిపిస్తాయి. కమిటీ కుర్రాళ్లకు ఒక్కటే చెబుతున్నాం. స్పాన్సర్ పంపిన లోగో పేరును ఫోన్లో వెతకండి. డబ్బు జమ చేయమనే పేజీ తెరుచుకుంటే ఆ స్పాన్సర్‌ను అక్కడే వదిలేయండి. కేసు పడితే మైకు పట్టుకున్న మీ మీదే పడుతుంది.

కూల్‌డ్రింకులు చట్టవిరుద్ధం కావు. అందుకే వాటి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. కంపెనీ ఇచ్చిన ఫ్రీజరు మైదానం గట్టు మీద పెడతారు. ఉత్తమ ఆటగాడికి ఒక పెట్టె డ్రింకులు బహుమతిగా ఇస్తారు. సీసా వెనక చదవండి. వంద మిల్లీలీటర్లకు పది, పదకొండు గ్రాముల చక్కెర. 250 మిల్లీలీటర్ల చిన్న సీసాతోనే పాతిక గ్రాములు దాటిపోతుంది. రోజు మొత్తానికి అంతకు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఆ పాతిక గ్రాములే. 600 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు పదిహేను టీస్పూన్లు. ఎనర్జీ డ్రింకులో దీనికి కెఫీన్ తోడవుతుంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అనుమతించిన గరిష్ఠం లీటరుకు 300 మిల్లీగ్రాములు, అంటే చిన్న సీసాకు 75 దాకా. పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు తగదని ఆ లేబుల్ మీదే రాయాలి. రాస్తారు కూడా, చీమ తలంత అక్షరాల్లో. పిల్లలకు తగదని తన సీసా మీద తానే రాసుకున్న కంపెనీ అండర్-14 జట్టుకు జెర్సీలు ఎలా ఇస్తుంది? ఆ జెర్సీలను మన హెడ్మాస్టర్లు ఎలా పుచ్చుకుంటున్నారు?

బడి ఆవరణలో, గేటు నుంచి 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలను అమ్మకూడదు, ప్రచారం చేయకూడదు, ఉచితంగా పంచనూ కూడదు. 2020 నాటి నిబంధన ఇది. మన టోర్నమెంట్లలో ఎక్కువ భాగం జడ్పీ హైస్కూలు మైదానాల్లోనే జరుగుతాయి. ఆదివారం అయినంత మాత్రాన అది బడి కాకుండా పోదు. పోనీ ప్రభుత్వం వీటిని మామూలు సరుకుగా చూస్తోందా అంటే అదీ లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి తీపి కూల్‌డ్రింకులు, కెఫీన్ పానీయాలు 40 శాతం జీఎస్టీ శ్లాబులోకి వెళ్లాయి.

మరి ఎండలో ఆడే పిల్లలకు ఏమివ్వాలి? గంట లోపు ఆటకు మంచినీళ్లే చాలు, పదిహేను, ఇరవై నిమిషాలకోసారి నాలుగైదు గుక్కలు. అంతకు మించి ఆడితే ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, చోడి (రాగి) అంబలి, ఉద్దానం కొబ్బరి బోండాం. ఇవి మన ఇళ్లలో, మన తోటల్లో ఉన్నవే. బాగా నీరసించిన పిల్లలకు ఓఆర్ఎస్. అయితే లీటరు ప్యాకెట్‌ను పూర్తిగా లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై హాని చేస్తుంది. ప్యాకెట్ లేకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకున్న తీపి డ్రింకుల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం వల్ల 2025 అక్టోబరులో ఆ పదాన్ని అలాంటి లేబుళ్ల మీద వాడకుండా నిషేధించారు. ఒక్క డాక్టరు పట్టుబడితే ఇంత జరిగింది. కిడ్నీ జబ్బు ఇంటింటినీ తడిమిన ఉద్దానం ఉన్న జిల్లాలో, చెమట కక్కిన పిల్లాడి చేతికి తీపి సీసా అందించే ముందు పెద్దలు ఆగి ఆలోచించాలి.

వెయిట్‌లిఫ్టింగ్‌లో ప్రమాదం ఇంకో రూపంలో వస్తుంది. ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ అయ్యారు. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ ఊరు ఊరంతా బరువులెత్తే ఊరు. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిస్తే, మొదటి స్థానంలో నిలిచిన పదహారేళ్ల నైజీరియా లిఫ్టర్ డోపింగ్‌లో దొరికిపోవడంతో అది రజతమైంది. పదహారేళ్ల పిల్ల ఒంట్లోకి ఆ మందు ఎలా వెళ్లిందని మన కోచ్‌లు తమను తాము అడగాలి. ఇప్పుడు జిల్లా పోటీలకు పౌడర్ డబ్బాల దుకాణాలు స్పాన్సర్లుగా వస్తున్నాయి. ‘ఉచితం’ అని చేతిలో పెట్టిన డబ్బాలో లేబుల్ మీద లేని మందు కలిసి ఉంటే, తెలియక తిన్నానన్న మాట ఆటగాణ్ని పూర్తిగా కాపాడదు. ఒంట్లో దొరికినదానికి బాధ్యత ఆటగాడిదే, నిషేధం నాలుగేళ్ల దాకా పడవచ్చు. ఇచ్చిన దుకాణం మాత్రం మరుసటి పోటీకి బ్యానరు కట్టుకుంటుంది. కోడిగుడ్లు, పాలు, పప్పు, వేరుశనగలు కొనడానికి నెలనెలా డబ్బిచ్చే దాత దొరికితే డబ్బా ఇచ్చేవారికంటే వెయ్యి రెట్లు మేలు.

డబ్బిచ్చినవారు ఆటలో వేలు పెట్టడం మన జిల్లాకు కొత్త కాదు. విజయనగరం రాజవంశానికి చెందిన విజ్జీ 1930-31లో ఇంగ్లండ్ మేటి బ్యాటర్లు జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్‌లను మన దేశానికి రప్పించి ఆడించారు. క్రికెట్ మీద ఆయన ప్రేమ నిజం, పెట్టిన ఖర్చూ నిజం. కానీ ఆ పలుకుబడితోనే 1936 ఇంగ్లండ్ పర్యటనకు కెప్టెన్ అయ్యారు. మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశారు. అద్భుతంగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపేశారు. సిరీస్ 2-0తో పోయింది. ఈ రోజు ఊరి టోర్నమెంట్లో స్పాన్సర్ బావమరిది ఓపెనింగ్‌కు దిగడం, వెంచరు యజమాని తెచ్చిన బయటి ఆటగాళ్ల కోసం ఊరి కుర్రాళ్లు బెంచీ మీద కూర్చోవడం అదే జబ్బు. భోగాపురం విమానాశ్రయం పుణ్యమా అని వెంచర్లవారి షీల్డులు ఎక్కువయ్యాయి. ఆ షీల్డు అందుకునే ముందు లేఅవుట్‌కు అనుమతి ఉందా, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరుందా అని అడిగే హక్కు కమిటీకి ఉంది. రేపు అక్కడ మోసపోయేది ఆ ఊరివాళ్లే.

2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాక పుల్లెల గోపీచంద్ కూల్‌డ్రింకు ప్రకటనను కాదన్నారు. గౌరవించదగ్గ నిర్ణయం. అయితే కాదనే భారాన్ని ఆటగాళ్ల మీదే మోపడం అన్యాయం. బస్సు ఛార్జీకి తడుముకునే పద్నాలుగేళ్ల పిల్ల ఏ ధైర్యంతో కాదంటుంది? ఆమె తరఫున వ్యవస్థ కాదనాలి. ప్రభుత్వ మైదానంలో టోర్నమెంటుకు అనుమతి ఇచ్చేది అధికారులు. జిల్లా క్రీడాభివృద్ధి సంస్థకు అధ్యక్షుడు కలెక్టరు. అనుమతి కాగితం వెనక ఒక్క పేజీ షరతులు అచ్చు వేస్తే సరిపోతుంది. పొగాకు, మద్యం, బెట్టింగ్‌తో పేరు పంచుకునే ఏ సరుకూ ఉండకూడదని, పద్దెనిమిదేళ్లు నిండనివారి జెర్సీ మీద ఊరి పేరు, బడి పేరు తప్ప మరేదీ ఉండకూడదని, ఉచిత నమూనాలు పంచకూడదని, జట్టు ఎంపికలో దాతకు మాట ఉండదని, విరాళం సంఘం బ్యాంకు ఖాతాలోకే రావాలని రాయండి. ఫ్లెక్సీలు కట్టేముందు వాటి నమూనాను వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ) ఒకరు చూసి సంతకం పెట్టాలి. ఆట మొదలయ్యాక తీయించబోతే గొడవలవుతాయి.

వద్దన్నాక ప్రత్యామ్నాయం చూపాల్సిన బాధ్యతా ఉంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1987లో పొగాకు మీద సుంకంతో ఒక ఆరోగ్య నిధి పెట్టి, సిగరెట్ కంపెనీలు ఆటలకిచ్చే సొమ్మును ఆ నిధి నుంచి తానే ఇచ్చింది. మనకూ ఇలాంటి ఏర్పాటు తెలియంది కాదు. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాలకు కడుతూనే ఉన్నాం. మద్యం ఆదాయంలోంచి చిన్న వాటా జిల్లా క్రీడానిధికి మళ్లించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం. అందాకా కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు ఉంది. గ్రామీణ క్రీడల శిక్షణకు సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) సొమ్ము వెచ్చించవచ్చని అది స్పష్టంగా చెబుతోంది. పైడిభీమవరం పారిశ్రామికవాడలోని పెద్ద కంపెనీలను పిలిచి, కబడ్డీ మ్యాట్లు, వెయిట్‌లిఫ్టింగ్ బార్లు, వాలీబాల్ నెట్లు డివిజన్‌కో సెట్టు కొనిపించి, క్రీడాభివృద్ధి అధికారి దగ్గర ఉంచి, ఊళ్లకు ఉచితంగా వంతులవారీగా ఇవ్వండి. టోర్నమెంటు ఖర్చులో పెద్ద ముక్క అక్కడే తగ్గిపోతుంది. డిసెంబరు మొదటి వారానికల్లా ఆ సామాను, ఆ షరతుల పేజీ రెండూ సిద్ధంగా ఉంటే సంక్రాంతి టోర్నమెంట్ల అనుమతులతోనే ఇది మొదలుపెట్టవచ్చు.