మా బాపు కుడిచెయ్యి, నా ఎడమచెయ్యి

మా బాపు రెండు చేతులూ ఒకే మనిషివి అనిపించేవి కావు. ఎడమచెయ్యి మా అందరి చేతుల్లాగే చామనఛాయ. కుడిచెయ్యి మాత్రం చొక్కా సగంచేతుల దగ్గర నుంచి వేళ్ల దాకా కాలిన పెనం రంగు. మోచేతి మీద చర్మం గరుకుగా ముడతలు పడి ఉండేది. బాపు అంటే మా నాన్న, ఆర్టీసీ డ్రైవరు. ఎక్కువ ఏళ్లు హన్మకొండ నుంచి ములుగు మీదుగా ఏటూరునాగారం పోయే బస్సు నడిపాడు. పొద్దున ఈశాన్యం దిక్కు ప్రయాణం, ఎండ కుడివైపు కిటికీలోంచి పడేది. సాయంత్రం బస్సు తిరిగొచ్చేసరికి సూర్యుడు పడమటికి పోయేవాడు, ఎండ మళ్లీ కుడివైపే. మేలో మా ఓరుగల్లులో 43, 44 డిగ్రీలు మామూలు. ఆ చెయ్యి ఆయన పుట్టుకతోనే అలా ఉందని చిన్నప్పుడు మేం అనుకునేవాళ్లం.

నేను అమెరికాలో, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాను. ఆఫీసు డాలస్ వైపు. పదమూడేళ్లుగా పొద్దున దక్షిణానికి, సాయంత్రం ఉత్తరానికి కారు నడుపుతున్నాను. ఇక్కడ స్టీరింగు ఎడమపక్కన కదా, పొద్దటి ఎండ ఎడమచేతి మీదే, సాయంత్రపు ఎండ కూడా ఎడమచేతి మీదే. పోయిన వేసవిలో మా పాప నా రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి చూసి, "డాడీ, ఈ చెయ్యి తాతది" అన్నది.

అద్దాలు ఎక్కించి ఏసీలో కూర్చున్నవాడికి ఎండ ఎక్కడిది అని నాకూ అనుమానం వచ్చింది. కారు పక్క అద్దం చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలను చాలావరకు ఆపుతుంది. లోతుకు దిగి చర్మాన్ని ముదరబెట్టే యూవీఏలో మంచి భాగాన్ని మాత్రం వదిలేస్తుంది. ముందు అద్దం రెండు పొరలది కాబట్టి కొంత నయం. 2012లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒక ఫొటో వేసింది. 28 ఏళ్లు ట్రక్కు నడిపిన 69 ఏళ్ల మనిషి. ముఖంలో కిటికీ వైపు సగం, అంటే ఎడమ సగం, కుడి సగానికి తండ్రిలా ఉంటుంది. ఆ ఫొటో చూసినప్పుడు నాకు ఖాకీ చొక్కాలో బాపే గుర్తొచ్చాడు.

ఈ మాట ఎత్తితే మనవాళ్లు ఏమంటారో నాకు తెలుసు. "మొగోనికి సోకులేందిరా?" మా వైపు మగవాడి చర్మాన్ని ఎవరైనా పట్టించుకునేది రెండుసార్లే. పురిటిబిడ్డగా ఉన్నప్పుడు కాళ్ల మీద పడుకోబెట్టి నూనె రాసి రుద్దుతారు. తర్వాత పెళ్లికొడుకును చేసి నలుగు పెడతారు. ఈ రెండింటి నడుమ ఇరవై అయిదేళ్లు, ఆ తర్వాత మిగిలిన జీవితమంతా, ఒంటిసబ్బు ఒక్కటే దిక్కు. దాంతోనే తల, దాంతోనే ముఖం, గడ్డం గీసుకోవడానికి నురగ కూడా దాంతోనే.

ఈ బిడియాన్ని మార్కెట్టు ఎప్పుడో వాడుకుంది. ఆడవాళ్లకు 1975 నుంచే అమ్ముతున్న తెల్లబడే క్రీముకు తోడుగా 2005లో మగవాళ్లకంటూ ఇంకోటి వచ్చింది. 2020లో పాత క్రీము పేరులోంచి 'ఫెయిర్' అనే మాట తీసేశారు. మాట పోయింది గానీ ఆశ పోలేదు. మా ఊళ్లో ఇప్పటికీ పెళ్లిచూపులకు నెల ముందు మెడికల్ షాపుకు పోయి "ముఖం జర తెల్లగయ్యేది ఇయ్యి" అని అడిగే పోరగాళ్లున్నారు. సోకులు వద్దనే తండ్రికీ, తెలుపు కావాలనే కొడుకుకీ మధ్య, చర్మం కూడా గుండె, కాలేయంలాగ ఒక అవయవమే అనే సంగతి జారిపోయింది.

నా సొంత మూర్ఖత్వం కూడా చెప్తాను. ఏడేళ్ల కింద ఆగస్టులో ఇంటికి పోయాను. వానాకాలం, ఉక్కపోత, పొద్దున తొడిగిన జీన్స్ రాత్రి దాకా ఒంటిమీదే. తొడల దగ్గర గుండ్రంగా, అంచు ఎర్రగా తామర లేచింది. మా చిన్నాయిన కొడుకు ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోస్తాడు, అక్కడ ఈ దురద తెలియనివాళ్లు తక్కువ. "అన్నా, గీ ట్యూబు రాయ్, రెండు రోజుల్ల పోతది" అని తెచ్చిచ్చాడు. నిజంగానే రెండు రోజుల్లో దురద పోయింది. ఇంత బాగా పనిచేస్తుందా అని నాలుగు ట్యూబులు కొని, ఆవకాయ డబ్బా పక్కన పెట్టుకుని తెచ్చుకున్నాను. ఇక్కడికి వచ్చాక రాయడం ఆపితే పది రోజుల్లో మళ్లీ లేచేది. ఈసారి నడుం దాకా, మొలతాడు కింద కూడా. మళ్లీ రాసేవాణ్ణి. ఆరు నెలలు అదే తంతు.

ఇక్కడి చర్మం డాక్టరు ఆ ట్యూబు మీది సన్న అక్షరాలు చదివి తల పట్టుకుంది. అందులో తామర మందు ఉంది, బ్యాక్టీరియా మందు ఉంది, వాటితో పాటు గట్టి స్టెరాయిడ్ క్లోబెటసాల్ ఉంది. దురదనూ ఎరుపునూ అణిచింది ఆ స్టెరాయిడే. అది అక్కడి చర్మానికి ఉన్న రోగనిరోధక శక్తిని కూడా అణుస్తుంది కాబట్టి తామర తెచ్చే బూజు జాతి (ఫంగస్) హాయిగా విస్తరిస్తుంది. అంచులు చెరిగి, డాక్టర్లు కూడా వెంటనే గుర్తుపట్టలేని రూపంలోకి మారుతుంది. ఆ చర్మం మీద నాకు ఇప్పటికీ తెల్లటి చారలున్నాయి, అవి ఇక పోవు. పెళ్లికొడుకులు ముఖానికి రాసుకునే ట్యూబుల్లో కూడా చాలావాటిలో ఉండేది మొమెటసోన్, బెటామెథసోన్ లాంటి స్టెరాయిడ్లే. మొదట ముఖం నిగనిగలాడుతుంది. కొన్ని నెలలకు చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు లేస్తాయి. ఆపితే మంట, అందుకని మళ్లీ రాస్తారు. ఈ రకం క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. చీటీ అడిగిన షాపు నాకైతే ఇంతవరకు తగల్లేదు.

ఇది ఇండియాకే పరిమితమైన గొడవ కాదు. మామూలు మాత్రలకు లొంగని ట్రైకోఫైటన్ ఇండోటినియే అనే తామర రకం ఒకటి ఈ మధ్య పైకొచ్చింది, పేరులోనే మన దేశం ఉంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరిలో దాన్ని గుర్తించామని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ప్రకటించింది. సూట్‌కేసుల్లో ట్యూబులు మోసే మనం ఈ కథకు బయటివాళ్లమేమీ కాదు. నాకు తగ్గడానికి డాక్టరు రాసిన మాత్రలు చెప్పినన్ని వారాలు మింగాల్సి వచ్చింది. తువ్వాల వేరు చేసుకోవడం, లోపలి బట్టలు వేడినీళ్లలో ఉతకడం, మొలతాడు తీసేయడం కూడా వైద్యంలో భాగమే. చివరిదానికి అవ్వ, అంటే మా అమ్మ, ఫోన్లో నెల రోజులు నిష్ఠూరమాడింది.

మెడ సంగతి వేరే చెప్పాలి. చదువుకునే రోజుల నుంచి నా మెడ వెనక నల్లగా, మందంగా, ముఖమల్ గుడ్డలా ఉండేది. అవ్వ దాన్ని మట్టి అనుకుని ఆదివారం ఆదివారం పీచుతో, నిమ్మచెక్కతో రక్తం వచ్చేలా రుద్దేది. "మెడ కూడ కడుక్కోవస్తలేదు బిడ్డకు" అని వాడంతా చెప్పేది. నా ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో జ్వరమని పోతే ఇక్కడి డాక్టరు మెడ చూసి షుగర్ పరీక్ష రాశాడు. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ గడపలో ఉన్నట్టు, 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే లోపలికి వచ్చినట్టు. ఇన్సులిన్ ఒంటికి సరిగ్గా పట్టనప్పుడు రక్తంలో అది పెరిగి, మెడ వెనక, చంకల్లో చర్మాన్ని ఇలా మందంగా నల్లగా చేస్తుందట. పక్కన సన్నటి పులిపిర్లు లేవడం కూడా చాలాసార్లు దాని గుర్తే. ఇన్నేళ్లూ ఒళ్లు రాసి పెట్టిన చీటీని మేం పీచుతో తుడిచేయబోయాం! మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో తేల్చింది. వాళ్లలో ఎంతమంది మెడలను రుద్దుతున్నారో.

నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. రాత్రి పళ్లెంలో అన్నం సగానికి తగ్గింది, పప్పూ కూరా పెరిగాయి. మా నాయనమ్మ తిన్న జొన్నరొట్టెకు ఇక్కడ ఇండియన్ స్టోర్లో పిండి కొంటుంటే నవ్వొస్తుంది, ఆమె దాన్ని బీదతిండి అనుకుని పిల్లలకు సన్నబియ్యం పెట్టాలని తపించింది. తిన్న తర్వాత ఇరవై నిమిషాలు నడక. ఇండియా టీముతో రాత్రి కాల్స్ వారానికి రెండుకు కుదించుకున్నాను, మేనేజరుకు నచ్చలేదు. ఏడాదిన్నరలో 5.6కు వచ్చింది. మెడ రంగు కూడా సగం విరిగింది, ఏ క్రీమూ రాయకుండానే.

ముఖానికి ఇంతకీ ఏం రాయాలి అని ఆఫీసులో కుర్రాళ్లు అడుగుతుంటారు. వాళ్ల ఫోన్లలో పది సీసాల వరస ఉంటుంది, విటమిన్ సీ సీరమ్ దగ్గర నుంచి నత్త జిగురు దాకా. ఆ పదింటిలో ఏడు దండగని నా అభిప్రాయం. ఒంటిసబ్బు క్షార గుణం ఎక్కువ, ముఖం మీది సహజమైన జిడ్డునంతా లాగేస్తుంది. అందుకని ముఖానికి మెత్తటి క్లెన్సర్ ఒకటి. స్నానం చేసి తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్. పొద్దున సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ (ఎండను ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 30 ఉన్నది సరిగ్గా రాస్తే యూవీబీలో దాదాపు 97 శాతం ఆగుతుంది, 50 అయితే 98, ఆ ఒక్క శాతానికి రెట్టింపు ధర పెట్టనక్కర్లేదు. సీసా మీద 'బ్రాడ్ స్పెక్ట్రమ్' అని ఉండాలి, లేకపోతే యూవీఏ సంగతి గాలికే. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడుగున పిండుకోవాలి. బఠాణీ గింజంత రాస్తే రాయనట్టే. జింక్ ఉన్నవి మన రంగు మీద విభూతి పూసినట్టు కనబడతాయి, లేతరంగు కలిపినవి దొరుకుతాయి. మన ఒంటి రంగువాళ్లకు ఎండ వల్ల చర్మ క్యాన్సర్ తెల్లవాళ్లతో పోలిస్తే చాలా తక్కువ, నిజమే. మంగు, నల్ల మచ్చలు మాత్రం మనకే ఎక్కువ.

గడ్డం గురించి ఒక్క మాట. కటింగ్ షాపులో కూర్చుంటే కళ్లు మూసుకోవద్దు. కొత్త బ్లేడు మన ముందు విప్పాలి. హెపటైటిస్ బీ, సీ రెండూ పాత బ్లేడు మీద ఎక్కి రాగలవు, సీకి టీకా కూడా లేదు. ఇంట్లో గీసుకునేవాళ్లు వెంట్రుక వాలు చూసి గీసుకుంటే మెడ మీద పొక్కులు సగం తగ్గుతాయి. పటిక మంచిదే, కానీ పదిమందికి రుద్దిన పటిక ముక్క వద్దు.

ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘానికి నాదొక విన్నపం. ఆగస్టు పిక్నిక్‌లో మగవాళ్లం గ్రిల్లు దగ్గర నాలుగు గంటలు టెక్సాస్ ఎండలో నిలబడతాం. నీళ్ల డబ్బా పక్కన ఒక పెద్ద సన్‌స్క్రీన్ సీసా పెట్టండి, రెండు గంటలకోసారి మైకులో గుర్తు చేయండి. బతుకమ్మ రోజు ఆడవాళ్లు ఆడుతుంటే మనం హాలు గోడలకు ఆనుకుని ఫోన్లు చూసుకుంటూ ఉంటాం. ఆ గోడ దగ్గరే ఒక టేబుల్ వేసి షుగర్ పరీక్ష పెట్టవచ్చు. మన సభ్యుల్లో డాక్టర్లకు కొదవ లేదు. అమెరికా డయాబెటిస్ అసోసియేషన్ లెక్కలో ఆసియా మూలాలవాళ్లు బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు లెక్క) 23 దగ్గరే పరీక్ష చేయించుకోవాలి, మిగతావాళ్లలాగ 25 దాకా ఆగకూడదు. అంటే బొజ్జ లేదని ధైర్యంగా ఉన్న మనలో చాలామంది ఆ లైన్లో నిలబడాల్సినవాళ్లే. ఊరికి పోయేటప్పుడు సెంటు సీసాలకు బదులు సన్‌స్క్రీన్ పట్టుకెళ్లవచ్చు. వచ్చేటప్పుడు ట్యూబులు తేవద్దు.

బాపుకు ఇప్పుడు డెబ్భై మూడు. పోయిన డిసెంబరులో హన్మకొండకు పోయినప్పుడు పెద్ద మాయిశ్చరైజర్ సీసా తీసుకుపోయాను. చలికి ఆయన చేతులు పేలి తెల్లగా పొట్టు లేస్తున్నాయి. మొదట "నాకెందుకురా గివన్నీ" అన్నాడు. రెండో రోజు స్నానం అయ్యాక అరుగు మీద కూర్చుని, సీసా నొక్కి, కుడిచేతికి భుజం దాకా శ్రద్ధగా రాసుకుంటున్నాడు. ఎడమచేతికి కూడా రాయమన్నాను.

"అది మంచిగనే ఉన్నదిగ," అన్నాడు.