అక్కడ బీఫారం ఇచ్చేది ఓటరే

మన దగ్గర ఎన్నికలు దగ్గరపడితే పత్రికల్లో మొదట వచ్చే వార్త ‘సిట్టింగులకు టికెట్లు దక్కేనా’ అనేది. అధినేత బీఫారం చేతిలో పెట్టేదాకా ఎమ్మెల్యేకి, ఎంపీకి నిద్ర ఉండదు. అమెరికా ప్రతినిధుల సభ ఎన్నికల్లో ఆ బీఫారం ఏ అధినేత చేతిలోనూ లేదు. ప్రైమరీలో, అంటే అసలు ఎన్నికకు ముందు అభ్యర్థుల్ని తేల్చే ఎన్నికలో, ఓటేసేవాళ్ల చేతిలో ఉంది. ఇంత పెద్ద అధికారం చేతిలో పెట్టుకుని అక్కడి మన తెలుగువాళ్లు అసలు ఎన్నిక జరిగే నవంబర్ దాకా ఆగుతున్నారు. సిట్టింగ్ ఉన్న చాలా నియోజకవర్గాల్లో నవంబర్ వచ్చేసరికి ఆట అయిపోయి ఉంటుంది.

1964 నుంచి ఏ ఎన్నిక తీసుకున్నా, మళ్లీ నిలబడిన సిట్టింగుల్లో సుమారు 85 శాతానికి తగ్గకుండా గెలుస్తున్నారు. చాలాసార్లు 90 దాటారు. 435 సీట్లలో అత్యధిక భాగం ఏదో ఒక పార్టీకి కంచుకోటలే. నియోజకవర్గాల సరిహద్దులు గీసేటప్పుడే ఆ ఏర్పాటు జరిగిపోతుంది. పార్టీ లబ్ధి కోసం గీసిన గీతల జోలికి ఫెడరల్ కోర్టులు రావని 2019లో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2025లో టెక్సస్, కాలిఫోర్నియా పోటాపోటీగా గీతలు మార్చుకున్నాయి. అలాంటి చోట ఓటరుకు మిగిలిన గట్టి ఆయుధం ప్రైమరీ.

దీనికి అన్నిటికంటే మంచి పాఠం కాలిఫోర్నియా 17వ నియోజకవర్గం. ఫ్రీమాంట్, మిల్పిటస్, శాంటాక్లారా, సన్నీవేల్, కుపర్టినో, ఉత్తర శాన్‌హోసే ఉన్న ప్రాంతం. ఏ వీధిలో చూసినా తెలుగు వినిపించే చోటు. అక్కడి సిట్టింగ్, 2001 నుంచి సభలో ఉన్న మైక్ హోండా మీద 2014లో సొంత పార్టీ డెమోక్రాట్ రో ఖన్నా దిగారు. హోండాకు అధ్యక్షుడు ఒబామా మద్దతు ఉంది, పార్టీ యంత్రాంగం ఉంది, చిన్నప్పుడు రెండో ప్రపంచయుద్ధకాలపు నిర్బంధ శిబిరంలో గడిపిన మనిషిగా గౌరవం ఉంది. జూన్ ప్రైమరీలో హోండాకు 48 శాతం, ఖన్నాకు 28 శాతం ఓట్లు వచ్చాయి. మామూలు పార్టీ ప్రైమరీ అయితే కథ ఆ రోజే ముగిసేది. కానీ 2010లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన ప్రకారం కాలిఫోర్నియాలో అన్ని పార్టీల అభ్యర్థులూ ఒకే ప్రైమరీ బ్యాలెట్ మీద ఉంటారు. మొదటి ఇద్దరు, ఒకే పార్టీవాళ్లయినా సరే, నవంబర్‌కు వెళ్తారు. రెండో స్థానం చాలు కాబట్టి ఖన్నా బతికిపోయారు. నవంబర్‌లో తేడా నాలుగు శాతం కూడా లేదు. ఓట్లలో చూస్తే ఐదు వేల లోపు. 2015లో హోండా కార్యాలయం ప్రభుత్వ పనినీ ప్రచార పనినీ కలిపేసిందన్న నైతిక విచారణ నివేదిక బయటికొచ్చింది. 2016 జూన్‌లో ఖన్నా స్వల్ప తేడాతో ముందు నిలిచారు. నవంబర్‌లో 61 శాతంతో గెలిచారు.

ఈ రెండేళ్ల లెక్కలో చూడాల్సింది ఒకటుంది. సిట్టింగ్‌ను దించడానికి ఒక్క ఎన్నిక చాలలేదు. 2014 నవంబర్ ఓటమిలో ఖన్నాకు వచ్చిన 48 శాతమే రెండోసారి పెట్టుబడి అయింది. ‘ఓడిపోయేవాడికి ఓటెందుకు’ అని 2014 జూన్‌లో ఇంట్లో కూర్చున్నవాళ్లకి 2016 ఫలితంలో వాటా లేదు. ఇప్పుడు ఖన్నా అక్కడ సిట్టింగ్. అదే కొలత ఆయనకూ వర్తించాలి.

న్యూయార్క్ 14వ నియోజకవర్గం ఇంకా సూటిగా చెబుతుంది. పది సార్లు గెలిచిన జో క్రౌలీ, సభలోని డెమోక్రాట్లలో నాలుగో స్థానం నాయకుడు. 2004 తర్వాత ప్రైమరీలో ఆయనకు పోటీయే లేదు. 2018 జూన్‌లో అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్‌తో జరగాల్సిన ఒక చర్చకు తాను వెళ్లకుండా వేరొకరిని పంపారు. ఆమె సుమారు 57 శాతంతో గెలిచారు. ఏడు లక్షలకు దగ్గరగా జనం ఉన్న నియోజకవర్గంలో ఆ రోజు పడిన ఓట్లు దాదాపు 30 వేలు, తేడా నాలుగు వేల చిల్లర. మనకు తెలిసిన లెక్కలో చెప్పాలంటే ఒక మేజర్ గ్రామపంచాయతీ ఓట్లు! రిపబ్లికన్లలోనూ అంతే. 2014లో సభలో మెజారిటీ నాయకుడిగా ఉన్న ఎరిక్ కాంటర్, వర్జీనియాలో ఓ కళాశాల ఆచార్యుడి చేతిలో 11 శాతం తేడాతో ఓడారు. కాంటర్ 50 లక్షల డాలర్లకు పైగా ఖర్చు పెట్టారు. ప్రత్యర్థి ఖర్చు దాని ముందు లెక్కలోకి రాదు.

సీనియారిటీ పోగొట్టుకోకూడదని చెప్పేవాళ్లున్నారు. ఆ మాటలో బలం ఉంది. 1995 నుంచి శాన్‌హోసే ప్రాంతానికి ప్రాతినిధ్యం వహిస్తున్న జోయీ లోఫ్‌గ్రెన్ దేశాలవారీ గ్రీన్‌కార్డు పరిమితి ఎత్తేసే బిల్లును 2019 జూలైలో 365-65 ఓట్లతో సభ దాటించారు. కొత్త సభ్యుడికి అది సాధ్యమయ్యేది కాదు. కానీ ఆ బిల్లు చట్టం కాలేదు. 2020 డిసెంబర్‌లో సెనెట్ తనదైన రూపంలో ఆమోదించింది, రెండింటినీ కలపకుండానే కాలం చెల్లిపోయింది. ఆ తర్వాతి సభలో వచ్చిన బిల్లు ఓటింగు దాకా కూడా రాలేదు. సీనియర్ సభ్యుడు తన పలుకుబడిని ఏ బిల్లు మీద ఖర్చు పెడతాడో నిర్ణయించేది ఇంటి దగ్గర ఉన్న ఒత్తిడే. ప్రైమరీలో పోటీ లేని మనిషి మీద ఆ ఒత్తిడి ఉండదు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. నియోజకవర్గాలు లెక్కగట్టేది ఓటర్లతో కాదు, జనంతో. రాజ్యాంగం 14వ సవరణ సీట్ల పంపకానికి మొత్తం మనుషుల్ని లెక్కించమంది. 2020 జనగణన ప్రకారం ఒక్కో సీటుకు సగటున 7 లక్షల 60 వేల మంది. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లూ, పిల్లలతో సహా, అందులో ఉన్నారు. ఉద్యోగ కోటాలో ఏటా సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు, ఒక దేశానికి ఏడు శాతం పరిమితి. ఆ క్యూలో ఏళ్ల తరబడి నిలబడ్డ మనవాళ్లు ఆ సీటు ఉనికికి కారణమవుతున్నారు, ఓటు మాత్రం వేయలేరు. పక్కింట్లో పౌరసత్వం వచ్చిన తెలుగువాడు జూన్‌లో ఓటు మానేస్తే ఒక ఓటే పోయిందని అనుకోవద్దు, తలుపు అవతల నోరులేని కుటుంబం మాట కూడా పోయింది.

విరాళాల్లో ఈ తేడా కచ్చితంగా తెలిసి ఉండాలి. పౌరులూ గ్రీన్‌కార్డుదారులూ ఇవ్వొచ్చు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు ఒక్క డాలరూ ఇవ్వకూడదు. స్నేహితుడి పేరు మీద ఇచ్చి తర్వాత డబ్బు సర్దుకోవడం నేరం. 2025-26లో ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు 3,500 డాలర్లు ఇవ్వొచ్చు, ప్రైమరీ, నవంబర్ ఎన్నిక వేర్వేరు లెక్క. నవంబర్‌లో సిట్టింగ్‌తో ఫొటో కోసం ఇచ్చే 3,500 కంటే ఫిబ్రవరిలో పోటీదారుకు ఇచ్చే 350 ఎక్కువ పని చేస్తుంది. తపాలాలో కరపత్రాలు పంపడానికి పోటీదారుకు అప్పుడే డబ్బు కావాలి. సిట్టింగ్‌కు ఆ అవసరం లేదు. ప్రభుత్వ జీతం మీద 18 మంది శాశ్వత సిబ్బందిని పెట్టుకోవచ్చు, ప్రభుత్వ ఖర్చుతో ఇంటింటికీ ఉత్తరాలు పంపవచ్చు.

ఓటు దగ్గర జరిగే పొరపాట్లు ఇంకా చిన్నవి, ఇంకా బాధాకరమైనవి. పౌరసత్వ ప్రమాణం చేస్తే దానంతటదే ఓటు రాదు, విడిగా నమోదు చేసుకోవాలి. అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి సొంతింటికి మారినవాళ్ల బ్యాలెట్ పాత చిరునామాకే వెళ్తుంది. తపాలావాళ్లు మిగతా ఉత్తరాల్లా దాన్ని కొత్త ఇంటికి మళ్లించరు. కాలిఫోర్నియాలో నమోదైన ప్రతి ఓటరుకూ బ్యాలెట్ ఇంటికే వస్తుంది. కవరు వెనక సంతకం చేయాలి, ఆ సంతకాన్ని రికార్డుల్లో ఉన్నదానితో పోలుస్తారు. డ్రైవింగ్ లైసెన్సు కోసం తెర మీద వేలితో గీసిన గీత ఒకటి, ఇక్కడ కలంతో పెట్టే సంతకం ఇంకొకటి. తేడా వస్తే సరిచేసుకోమని ఉత్తరం వస్తుంది. దాన్ని ప్రకటన అనుకుని చెత్తబుట్టలో వేస్తే ఓటు చెల్లదు. భార్యాభర్తలు ఒకరి కవరు మీద ఇంకొకరు సంతకం చేయడం అందరికీ తెలిసిన పొరపాటే. ఎన్నిక రోజు సాయంత్రం పోస్టు డబ్బాలో వేస్తే మర్నాటి ముద్ర పడొచ్చు, ఆ ఓటు లెక్కలోకి రాదు. అధికారిక డ్రాప్‌బాక్స్‌లో వేస్తే ఆ బెంగ ఉండదు.

రాష్ట్రం మారితే పద్ధతి మారుతుంది. టెక్సస్‌లో ప్రైమరీ మార్చిలోనే, నమోదుకు గడువు 30 రోజుల ముందు. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మేలో రెండో విడత. మార్చిలో ఒక పార్టీ ప్రైమరీలో ఓటేసినవాళ్లు మేలో రెండో పార్టీ వైపు వెళ్లలేరు. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లో ఉన్నవాళ్లు సంక్రాంతి పిండివంటల హడావుడిలో ఉండగానే గడువు దగ్గరపడుతుంది. న్యూయార్క్‌లో పార్టీ సభ్యుడిగా నమోదైనవాళ్లకే ప్రైమరీ ఓటు. 2018 జూన్ ప్రైమరీకి పార్టీ మార్చుకోవాలనుకున్నవాళ్లు 2017 అక్టోబర్‌లోనే మార్చుకుని ఉండాల్సింది.

ఎడిసన్ ఉన్న న్యూజెర్సీ సంగతి వేరు. అక్కడ చాలా కౌంటీల్లో పార్టీ బలపరిచిన అభ్యర్థులందరినీ బ్యాలెట్ మీద ఒకే వరుసలో పేర్చేవాళ్లు. ఎదురు నిలిచిన మనిషి పేరు కాగితం చివర ఎక్కడో, ఖాళీ గడుల మధ్య ఒంటరిగా ఉండేది. ఓటరు కన్ను అక్కడిదాకా పోదు. సెనెట్ సీటుకు పోటీలో ఉన్న ఆండీ కిమ్ కోర్టుకు వెళ్తే 2024 మార్చిలో ఫెడరల్ న్యాయమూర్తి డెమోక్రటిక్ ప్రైమరీకి ఆ ఏర్పాటును ఆపేశారు. మరుసటి ఏడాది రాష్ట్రం చట్టమే మార్చింది. సిట్టింగుల బలంలో ఒక భాగం కాగితం మీద పేర్లు పేర్చే తీరులో ఉండేదని ఇంతకంటే రుజువేం కావాలి?

గ్రీన్‌కార్డు దరఖాస్తు ఎక్కడో ఆగిపోయినవాళ్లు తమ ప్రాంత ప్రతినిధుల సభ సభ్యుడి కార్యాలయాన్ని అడగవచ్చు, ఓటు లేకపోయినా సరే. వాషింగ్టన్‌కు కాదు, నియోజకవర్గంలోని కార్యాలయానికి రాయాలి. సమాచారం చెప్పడానికి అనుమతిస్తూ సంతకం చేసిన పత్రం, రసీదు నంబరు ఇవ్వాలి. వాళ్లు ఆదేశించలేరు, విచారించగలరు. ఆ విచారణ వేగంగా జరిగే కార్యాలయమూ ఉంటుంది, నెలల తరబడి జవాబివ్వనిదీ ఉంటుంది. కాబట్టి ప్రైమరీకి ముందు ఎవరింటి హాల్లోనైనా సిట్టింగ్ వచ్చి కూర్చున్నప్పుడు, శాలువా కప్పే ముందు అడగండి: వలస దరఖాస్తుల పని చూసే సిబ్బంది మీ నియోజకవర్గ కార్యాలయంలో ఎంతమంది, నిరుడు ఎన్ని అర్జీలు తీసుకున్నారు, ఏడు శాతం పరిమితి ఎత్తేసే బిల్లు మీద మీ సంతకం ఉందా?